ప్రైమరీ డెలిగేట్ల లెక్క: ఓట్లు ఒక దారి, డెలిగేట్లు ఇంకో దారి ఎందుకు?

గోదారిగట్టు:
2020 న్యూ హాంప్‌షైర్ డెమోక్రటిక్ ప్రైమరీ (అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగు) అంకెలు ముందేసుకుని కూర్చున్నా, లెక్క తేలడం లేదు. సాండర్స్‌కి 25.6 శాతం, బుటిజెజ్‌కి 24.3, క్లోబుషార్‌కి 19.7, వారెన్‌కి 9.2, బైడెన్‌కి 8.4. మొత్తం డెలిగేట్లు, అంటే పార్టీ జాతీయ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు, 24. అందులో 25.6 శాతమంటే ఆరు చిల్లర. మరి సాండర్స్‌కి 9 ఎలా వచ్చాయి? ఓట్లలో వెనకబడ్డ బుటిజెజ్‌కీ 9 ఏమిటి? క్లోబుషార్‌కి 6, మిగతా ఇద్దరికీ గుండుసున్నా. తెలిసినవాళ్ళు మెట్టు మెట్టుగా విడమర్చి చెప్పండి. "దామాషా పద్ధతండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసే జవాబులు చాలానే చదివాను, అవి వద్దు.

లెక్కల మాస్టారు:
మీరు 24ని ఒకే కుప్పగా చూస్తున్నారు, తిరకాసంతా అక్కడే. డెమోక్రాట్ల దగ్గర అది చిన్న చిన్న బుట్టలుగా ఉంటుంది. న్యూ హాంప్‌షైర్‌లో కాంగ్రెస్ నియోజకవర్గాలు రెండు (కాంగ్రెస్ అంటే ఇక్కడ వాళ్ళ పార్లమెంటు, మన పార్టీ కాదు). ఒక్కోదానికి 8. రాష్ట్రం మొత్తం ఓటుని బట్టి ఇచ్చే ఎట్-లార్జ్ డెలిగేట్లు 5. మేయర్లు, శాసనసభ్యులు, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్ళ కోసం పక్కన పెట్టినవి 3, వీటిని పీఎల్ఈఓ అంటారు. పెద్దమనుషుల కోటా అయినా వాళ్ళిష్టం కాదు, ఈ మూడూ ఓట్ల ప్రకారమే పంచాలి. 8+8+5+3 = 24. ఏ బుట్ట లెక్క ఆ బుట్టదే. ఒకదాంట్లో తెగిపోయిన చిల్లర పక్క బుట్టలోకి పోదు.

తర్వాత కటాఫ్, 15 శాతం. రాష్ట్రం బుట్టలకి రాష్ట్ర ఓటులో 15, నియోజకవర్గం బుట్టకి ఆ నియోజకవర్గం ఓటులో 15 దాటాలి. రాష్ట్రంలో దాటింది ముగ్గురే: 25.6 + 24.3 + 19.7 = 69.6. ఇక మీదట భాగహారం 100తో కాదు, 69.6తో.

ఎట్-లార్జ్ 5:
సాండర్స్ 25.6 ÷ 69.6 × 5 = 1.839
బుటిజెజ్ 1.746
క్లోబుషార్ 1.415
ముందు పూర్ణాంకాలు ఇచ్చేయండి: 1, 1, 1. ఇంకా రెండు మిగిలాయి. ఎవరి దశాంశం పెద్దదో వాళ్ళకి ఒక్కోటి: సాండర్స్ (.839), బుటిజెజ్ (.746). అయింది, 2-2-1.

పీఎల్ఈఓ 3:
1.103, 1.047, 0.849. పూర్ణాంకాలు 1, 1, 0. మిగిలిన ఒక్కటి .849 ఉన్న క్లోబుషార్‌కి. 1-1-1.

నియోజకవర్గాల్లో ఎనిమిదేసి: రాష్ట్రం శాతాలతోనే వేసి చూడండి, 2.94, 2.79, 2.26 వస్తాయి. 3-3-2. రెండింట్లో కలిపి 6-6-4.

కూడితే 9-9-6.

గోదారిగట్టు:
మాస్టారూ, ఇప్పుడు అర్థమైంది. అంటే వారెన్, బైడెన్, మిగతావాళ్ళకి పడ్డ 30 శాతం ఓట్లు గంగలో కలిసినట్టేనా?

లెక్కల మాస్టారు:
వాళ్ళకి దక్కలేదు అంతే. కటాఫ్ దాటినవాళ్ళ వాటాని ఉబ్బించడానికి పనికొచ్చాయి. అదే నెలలో సౌత్ కరోలైనా చూడండి. బైడెన్‌కి 48.6 శాతం, సాండర్స్‌కి 19.8. మూడోవాడు స్టయర్ 11 దగ్గర ఆగిపోయాడు. 54 డెలిగేట్లు ఇద్దరే పంచుకున్నారు, 39-15. బైడెన్‌కి ఓట్లు సగం లోపే, డెలిగేట్లు మాత్రం నూటికి 72. బరిలో ఎంతమంది 10, 12 శాతాల దగ్గర ఇరుక్కుంటే ముందున్నవాడికి అంత పంట.

ఎవరూ 15 దాటకపోతే ఏమిటని అడుగుతారు ఎలాగూ. అప్పుడు కటాఫ్ దిగుతుంది, మొదటివాడికి వచ్చిన శాతంలో సగం అవుతుంది.

ఎడిసన్ వాసి:
కొత్తగా చూసేవాళ్ళ కోసం ఒక సవరణ. "రాష్ట్రంలో 15 రాకపోతే సున్నా" అని టీవీల్లో అలవాటుగా అనేస్తారు. తప్పు. 2024లో మిషిగన్ డెమోక్రటిక్ ప్రైమరీలో "అన్‌కమిటెడ్" అనే గడికి, అంటే ఎవరికీ కట్టుబడం అన్న ఓటుకి, లక్ష పైచిలుకు పడ్డాయి, 13.2 శాతం. రాష్ట్రం బుట్టల్లో ఏమీ రాలేదు. కానీ యాన్ ఆర్బర్ ఉన్న 6వ నియోజకవర్గంలో, డియర్‌బోర్న్ ఉన్న 12వ నియోజకవర్గంలో 15 దాటింది. ఒక్కోటి చొప్పున రెండు డెలిగేట్లు. బైడెన్‌కి 115, వీళ్ళకి 2. ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకుని ఉంటే ఆ రెండూ రావు.

అదే ఏడాది మిన్నెసోటాలో ఆ గడికి 18.9 శాతం, అక్కడ 11 వచ్చాయి. 13.2కి రెండు, 18.9కి పదకొండు. కటాఫ్ గీత దాటడం అంటే అదీ.

పాలమూరోడు:
బుట్టల సైజు గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు. అసలు ఆట గక్కడే ఉంటది. ఇద్దరే పోటీలో ఉన్నరనుకోండి.

నాలుగు డెలిగేట్ల నియోజకవర్గం: 2-2. దాన్ని 3-1 చెయ్యాలంటే 62.5 శాతం దాటాలె. 60 శాతం తెచ్చుకున్నోనికి, 40 తెచ్చుకున్నోనికి సమానం అయితది.
ఆరు: 3-3. 4-2 కావాలంటే 58.3 దాటాలె.
మూడు: సగం మీద ఒక్క ఓటు ఎక్కువొచ్చినా 2-1.
ఐదు: ఒక్క ఓటుతోనే 3-2. ఆ తర్వాత 4-1కి పోవాలంటే 70 దాకా ఎక్కాలె.

గందుకే ప్రచారం నడిపేటోళ్ళు పైసలు, మనుషులని బేసి సంఖ్య నియోజకవర్గాలల్ల దింపుతరు. నాలుగున్న చోట 55 శాతాన్ని 60 చేసినా ఫాయిదా లేదు. ఐదున్న చోట 49ని 51 చేస్తే ఒకటి చేతికొస్తది, ఎదుటోనికి ఒకటి పోతది.

2008ల నెవాడాల గిదే జరిగింది. కాకస్‌ల, అంటే ఓటర్లు ఒక జాగాల కూడి అభ్యర్థిని తేల్చుకునే పార్టీ సభలల్ల, హిల్లరీ క్లింటన్ గెలిచింది, ఆరు శాతం దాకా ముందుంది. డెలిగేట్లు ఒబామాకి 13, ఆమెకి 12. ఆమె బలమంతా లాస్ వేగస్ దిక్కు, సరి సంఖ్య బుట్టలల్ల సగం సగమైపోయింది. ఒబామా ఉత్తరాన, పల్లె జాగాలల్ల బేసి డెలిగేట్ ఎత్తుకపోయిండు.

గోదారిగట్టు:
పాలమూరన్నా, ఆరింటి ఉదాహరణ నిజంగా ఎక్కడైనా ఉందా? చేత్తో వేసి చూసుకుంటా.

పాలమూరోడు:
అమెరికన్ సమోవా, 2024. ఇంతకంటె చిన్నది దొరకదు. మొత్తం ఓట్లు 91. జేసన్ పామర్ అనే ఆయనకి 51, కుర్చీల ఉన్న ప్రెసిడెంట్ బైడెన్‌కి 40. డెలిగేట్లు 6. 51 ÷ 91 × 6 = 3.36. 40 ÷ 91 × 6 = 2.64. పూర్ణాంకాలు 3, 2. మిగిలిన ఒక్కటి .64కి. 3-3. గెలిచింది పామర్, పేపర్ల హెడింగు పామర్ది, డెలిగేట్లు మాత్రం సగం సగం.

లెక్కల మాస్టారు:
దీనికి జోడీగా 2008 నుంచి ఒక జంట లెక్క. సూపర్ ట్యూస్‌డే (చాలా రాష్ట్రాల్లో ఒకేసారి పోటీ జరిగే రోజు) ఒక్క రోజే, ఐడహోలో ఒబామా 15-3తో గెలిచాడు. న్యూ జెర్సీలో క్లింటన్ 59-48తో గెలిచింది. ఎక్కడ న్యూ జెర్సీ, ఎక్కడ ఐడహో! కానీ తేడా చూస్తే ఒబామాకి ఐడహోలో 12, క్లింటన్‌కి న్యూ జెర్సీలో 11. ఆ ఏడాది డెలిగేట్ల పోటీ ఎటు తిరిగిందో అర్థం కావాలంటే ఎవరు ఏ రాష్ట్రం గెలిచారన్న పటం పక్కన పెట్టి, ప్రతి రాష్ట్రంలో నికరంగా ఎన్ని తేడా వచ్చిందో ఒక నిలువు వరస రాసుకోవాలి.

ఫ్రిస్కో బాబాయ్:
టెక్సాస్‌లో ఓటున్న మనవాళ్ళకి ఒక ముక్క. అన్ని చోట్లా బుట్ట అంటే కాంగ్రెస్ నియోజకవర్గమే అనుకోకండి. టెక్సాస్ డెమోక్రాట్లు 31 రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల వారీగా పంచుతారు. న్యూ జెర్సీ డెమోక్రాట్లు రాష్ట్ర శాసనసభ నియోజకవర్గాల్ని రెండేసి కలిపి 20 డెలిగేట్ జిల్లాలు చేసుకున్నారు. టెక్సాస్‌లోనే రిపబ్లికన్లు మాత్రం కాంగ్రెస్ నియోజకవర్గాలే వాడతారు. కాబట్టి ఒకే వీధిలో రెండిళ్ళు, ఒకే ప్రైమరీ రోజు, పార్టీని బట్టి వేరు వేరు గీతల్లో లెక్కకొస్తాయి. టీవీ వాడు చూపించే కౌంటీ పటంతో డెలిగేట్లు తేల్చాలని కూర్చుంటే తెల్లారుతుంది.

2008లో టెక్సాస్‌కి ఇంకో మెలిక కూడా ఉండేది. పగలు ప్రైమరీ, పోలింగు ముగిశాక అదే రాత్రి కాకస్. 126 డెలిగేట్లు ప్రైమరీ నుంచి, 67 కాకస్ వరస నుంచి. ప్రైమరీలో క్లింటన్ 65-61. కాకస్‌లో ఒబామా 38-29. మొత్తం ఒబామా 99, క్లింటన్ 94. పైగా సెనేట్ నియోజకవర్గాలకి డెలిగేట్లు సమానంగా లేవు. గత ఎన్నికల్లో డెమోక్రాట్లకి ఓట్లు ఎక్కువ పడ్డ చోట ఎక్కువ, రెండు నుంచి ఎనిమిది దాకా. ఆస్టిన్ దానికి 8. ఓటింగు పలచగా ఉన్న దక్షిణ టెక్సాస్ వాటికి మూడు, నాలుగు. క్లింటన్ బలం ఎక్కువగా ఈ రెండో రకం చోట్ల.

కాకినాడ కిరణ్:
అసలు రాష్ట్రానికి 24 అని, 54 అని ఎవరు ఖాయం చేస్తారు? జనాభా లెక్కా?

లెక్కల మాస్టారు:
జనాభా సగమే. డెమోక్రాట్ల సూత్రం ఇది: గత మూడు అధ్యక్ష ఎన్నికల్లో దేశం మొత్తం డెమోక్రటిక్ ఓట్లలో ఆ రాష్ట్రం వాటా ఒకటి, 538 ఎలక్టోరల్ ఓట్లలో (అధ్యక్షుణ్ణి చివరికి తేల్చేవి, రాష్ట్రాల వారీగా పంచినవి) ఆ రాష్ట్రం వాటా ఇంకొకటి. రెండింటి సగటు తీస్తారు. 2020లో దాన్ని 3,200తో గుణించారు. వచ్చింది రాష్ట్రం బేస్. దాంట్లో 75 శాతం నియోజకవర్గాలకి, 25 శాతం ఎట్-లార్జ్. పైన అదనంగా బేస్‌లో 15 శాతం పీఎల్ఈఓ.

కాలిఫోర్నియాతో సరిచూసుకోండి. 2020లో బేస్ 361. 75 శాతం 270.75, అంటే 271. మిగతా 90 ఎట్-లార్జ్. 361లో 15 శాతం 54. మొత్తం 415. న్యూ హాంప్‌షైర్ బేస్ 21: 16, 5, దాని మీద 3.

ఆలస్యంగా ప్రైమరీ పెట్టుకునే రాష్ట్రాలకి బోనసు కూడా ఉంది. అందరూ ముందుకి తోసుకురాకుండా బెల్లం ముక్క చూపించడమన్నమాట. 2020 రూల్స్‌లో ఏప్రిల్ అయితే 10 శాతం, మే, జూన్ అయితే 20.

పాలమూరోడు:
రిపబ్లికన్ల లెక్క వేరే, అది నేను చెప్త. రాష్ట్రానికి నికరంగా 10. ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గానికి 3, పెద్దదైనా చిన్నదైనా మూడే. జాతీయ కమిటీల ఉన్నోళ్ళు 3. ఆ మీద బోనసు. పోయిన అధ్యక్ష ఎన్నికల ఆ రాష్ట్రం రిపబ్లికన్‌కి పడితే 4.5 ప్లస్ ఎలక్టోరల్ ఓట్లల్ల 60 శాతం. గవర్నర్ తమోడైతే 1, సెనేటర్ ఒక్కోనికి 1, ప్రతినిధుల సభకి పోయినోళ్ళల్ల సగమన్న తమోళ్ళైతే 1, రాష్ట్ర శాసనసభల ఒక సభ చేతుల ఉంటే 1, రెండూ ఉంటే ఇంకోటి.

2024 సౌత్ కరోలైనా: నికరం 10. ఏడు నియోజకవర్గాలకి 21. కమిటీ 3. బోనసు: 9 ఎలక్టోరల్ ఓట్లల్ల 60 శాతం 5.4, దానికి 4.5 కలిపితే 9.9, పైకి సవరిస్తే 10. గవర్నర్ 1, సెనేటర్లు 2, ప్రతినిధుల సభ 1, శాసనసభ 2. బోనసు మొత్తం 16. 10+21+3+16 = 50.

ఇప్పుడు పంపకం చూడండి. నియోజకవర్గాలయి 21 తీస్తే 29. ఆ 29 రాష్ట్రం గెలిచినోనికే గంపగుత్తగ. ఒక్కో నియోజకవర్గంల మూడు, అక్కడ గెలిచినోనికే. 2024ల నిక్కీ హేలీకి 39.5 శాతం ఓట్లు పడ్డయి. ఒక్క 1వ నియోజకవర్గం గెలిచింది. డెలిగేట్లు మూడు. ట్రంప్‌కి 47. 2016ల అదే రాష్ట్రంల ట్రంప్‌కి 32.5 శాతమే వచ్చినయి, 50కి 50 పోయినయి. ఏడు నియోజకవర్గాలూ ఆయనవే.

డెమోక్రాట్ల రూల్స్‌తోని ఆ 39.5 శాతానికి ఇరవై దాకా వచ్చేటియి.

ఎడిసన్ వాసి:
రిపబ్లికన్లలో ఒకే రూల్ లేదు, చదివేవాళ్ళు అది గుర్తుంచుకోవాలి. జాతీయ పార్టీ గట్టు మాత్రమే కడుతుంది, లోపల ఎవరి రూల్ వాళ్ళది. 2024లో మార్చి 15కి ముందు పెట్టేవాళ్ళు ఏదో ఒక రకం దామాషా పాటించాలి, కటాఫ్ 20 శాతం దాకా పెట్టుకోవచ్చు. ఎవరైనా సగం దాటితే మొత్తం వాళ్ళకే ఇచ్చేయవచ్చు కూడా. ఆ తేదీ తర్వాత గెలిచినవాడికే అన్నీ అన్నా అడ్డులేదు. సౌత్ కరోలైనా లాంటి ఫిబ్రవరి రాష్ట్రాలకి మినహాయింపు.

సగం దాటితే అన్న షరతు ఎంత పదునో కాలిఫోర్నియా చూడండి. 169 డెలిగేట్లు. సగం దాటితే అన్నీ, దాటకపోతే దామాషా. 50కి అటూ ఇటూ ఒక్క అడుగులో ఎనభైకి పైగా డెలిగేట్లు చేతులు మారతాయి. ట్రంప్ సునాయాసంగా దాటేశాడు, 169 ఆయనకే.

అయోవా ఇంకో కొస. అక్కడ కటాఫే లేదు. 2024లో 40 డెలిగేట్లు, రామస్వామికి 7.7 శాతం వస్తే మూడు దక్కాయి. డెమోక్రాట్ల దగ్గరైతే ఆ శాతానికి ఏమీ రాదు.

లెక్కల మాస్టారు:
అయోవా పేరెత్తారు కాబట్టి, స్ప్రెడ్‌షీట్‌లో రౌండ్ ఫార్ములా పెట్టుకునేవాళ్ళు తప్పకుండా పడే గొయ్యి అక్కడే ఉంది. ఓట్ల నుంచి 40కి వాటాలు వేస్తే: ట్రంప్ 20.40, డిశాంటిస్ 8.49, హేలీ 7.65, రామస్వామి 3.06. అన్నిటినీ దగ్గరి పూర్ణాంకానికి సవరించండి: 20, 8, 8, 3. కూడితే 39. ఒకటి ఎగిరిపోయింది! దశాంశాల పద్ధతిలో వెళ్తే పూర్ణాంకాలు 20, 8, 7, 3 అంటే 38, మిగిలిన రెండూ .65కి, .49కి. 20-9-8-3. అసలు ఫలితం అదే.

ఒక్కోసారి రౌండ్ చేస్తే మొత్తం 41 కూడా అవుతుంది. అందుకని అలవాటుగా ఇలా చేసుకోండి: ఓట్ల సంఖ్య నుంచే మొదలుపెట్టాలి, పేపర్లో సవరించి వేసిన శాతాల నుంచి కాదు. పూర్ణాంకం విడిగా ఒక వరస, శేషం విడిగా ఒక వరస. మిగిలినవి శేషాలు పెద్దవాటి నుంచి చిన్నవాటికి. చివర మొత్తం బుట్టతో సరిపోయిందో లేదో చూసే గడి ఒకటి. న్యూ హాంప్‌షైర్ లెక్కలో నేను శాతాలు వాడాను, అక్కడ శేషాలు దూరంగా ఉన్నాయి కాబట్టి నడిచింది. రెండు శేషాలు .41, .40 లాగా పక్కపక్కన ఉంటే ఆ చిన్న సవరణే డెలిగేట్‌ని తారుమారు చేస్తుంది. కటాఫ్ దగ్గరా అంతే, పేపర్లో 15.0 అని ఉన్నది నిజానికి 14.96 కావచ్చు.

కాకినాడ కిరణ్:
ఇంత పక్కా లెక్క అయితే, ఒకే రోజు ఒక సైటులో ఒక అంకె, ఇంకో సైటులో ఇంకో అంకె ఎందుకుంటాయి? ఎవడో ఒకడు తప్పు వేస్తున్నట్టేగా?

ఎడిసన్ వాసి:
తప్పు కాదండీ, ఒక్కొక్కరు ఒక్కోటి కొలుస్తున్నారు. నాలుగైదు కారణాలున్నాయి.

ఓట్లు ఇంకా పూర్తి కాకపోవడం మొదటిది. కాలిఫోర్నియాలో పోస్టు ఓట్ల లెక్క వారాలు నడుస్తుంది. పోలింగు రోజు తపాలా ముద్ర ఉంటే తర్వాత చేరినా చెల్లుతుంది. కొందరు ఉన్న ఓట్లతో అంచనా వేసి 415నీ పంచేస్తారు. కొందరు ఖాయమైనవే ఇచ్చి మిగతావి ఖాళీగా ఉంచుతారు. 14.8 శాతం దగ్గర ఊగుతున్న అభ్యర్థి ఒకడుంటే, ఆ నియోజకవర్గంలో అందరి లెక్కా వాడి మీద ఆధారపడి ఉంటుంది.

తర్వాత సూపర్ డెలిగేట్లు. ఎంపీలు, గవర్నర్లు, జాతీయ కమిటీ సభ్యులు లాంటివాళ్ళు, ఎవరికీ కట్టుబడనక్కర్లేదు. 1984 నుంచి ఉన్నారు. 2016లో వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ జూన్ 6న, అంటే కాలిఫోర్నియా పోలింగుకి ముందు రోజే, క్లింటన్‌కి మెజారిటీ వచ్చిందని ప్రకటించింది. అది వీళ్ళని కలుపుకున్న లెక్క. ప్రైమరీలతో వచ్చినవి మాత్రమే చూస్తే చివరికి క్లింటన్‌కి 2,205, సాండర్స్‌కి 1,846. గొడవ ముదిరి 2018లో రూల్ మార్చారు, పోటీ ఉంటే మహాసభలో మొదటి రౌండు ఓటింగులో వీళ్ళకి ఓటు లేదు. అందుకే 2020లో మెజారిటీ గీత 3,979కి సగం పైన, 1,991. రెండో రౌండుకి వెళ్తే గీత వేరే.

మూడోది కాకస్. 2020 అయోవాలో ఒకే రాత్రికి మూడు రకాల అంకెలు వచ్చాయి. మొదట ఎవరి వైపు నిలబడ్డారు, అక్కడ 15 శాతం రానివాళ్ళు మారాక ఎవరి వైపు ఉన్నారు, దాన్నిబట్టి రాష్ట్ర మహాసభకి ఎంత వాటా. మొదటి రెండింట్లో సాండర్స్ ముందు. మూడోదాంట్లో బుటిజెజ్ 26.2, సాండర్స్ 26.1. డెలిగేట్లు పంచింది మూడోదాన్ని బట్టి: బుటిజెజ్ 14, సాండర్స్ 12, వారెన్ 8, బైడెన్ 6, క్లోబుషార్ 1. ఫలితాలు పంపే యాప్ మొరాయించి, చేత్తో రాసిన లెక్కల్లో కూడికలు తప్పి, అసోసియేటెడ్ ప్రెస్ విజేతనే ప్రకటించలేదు.

ఫ్రిస్కో బాబాయ్:
నాలుగోది నేను చెప్తా: ఓటుకీ డెలిగేట్‌కీ అసలు లంకె లేని పోటీలు. వీటిని "బ్యూటీ కాంటెస్టు" అంటారు, అందం చూసి మార్కులేయడమే గాని చేతికేమీ రాదు.

2012 అయోవా రిపబ్లికన్ కాకస్ రాత్రి రామ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు, తర్వాత శాంటోరమ్ 34తో ముందని తేలింది. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే మూడో స్థానంలో ఉన్న రాన్ పాల్ మనుషులు కాకస్ అయ్యాక కూడా గదిలోంచి కదల్లేదు, కౌంటీ సభకి పేర్లిచ్చారు, అక్కడి నుంచి జిల్లా, రాష్ట్ర సభలు. ఆగస్టులో జాతీయ మహాసభలో అయోవా 28 మందిలో 22 మంది రాన్ పాల్ అన్నారు. ఆ దెబ్బతో రిపబ్లికన్లు రూల్ పెట్టారు: రాష్ట్రవ్యాప్తంగా ఓటు వేయిస్తే డెలిగేట్లు దానికి కట్టుబడాలి.

2016లో కొలరాడో రిపబ్లికన్లు ఆ ఓటే తీసేసి సభలతో కానిచ్చారు. పెన్సిల్వేనియాలో అదే ఏడాది 71లో 17 మాత్రం రాష్ట్రం గెలిచినవాడివి. మిగతా 54 మంది పేర్లు బ్యాలెట్ మీద ఉంటాయి, ఎవరి తరఫో పక్కన రాయరు. ఓటరే ముందుగా తెలుసుకుని వెళ్ళాలి.

2024 నెవాడా మరీ విచిత్రం. ఫిబ్రవరి 6న ప్రభుత్వం ప్రైమరీ పెట్టింది, 8న పార్టీ కాకస్ పెట్టింది. 26 డెలిగేట్లూ కాకస్‌కే. హేలీ ప్రైమరీలో నిలబడి "వీళ్ళెవరూ వద్దు" అన్న గడి చేతిలో ఓడిపోయింది. గెలిచి ఉన్నా ఒక్కటీ వచ్చేది కాదు.

పాలమూరోడు:
మిషిగన్ రిపబ్లికన్లది మర్చిపోయిండ్రు. ప్రభుత్వం ప్రైమరీ ఫిబ్రవరి 27కి జరిపింది. రిపబ్లికన్ రూల్స్ ప్రకారం అది మరీ ముందు, 55 డెలిగేట్లకి కోత పడి 12 అయితుండె. తప్పించుకునుడుకు 16 ప్రైమరీకి పెట్టి, 39 మార్చి 2 సభకి పెట్టిండ్రు. ప్రైమరీల హేలీకి 4 వచ్చినయి, సభల 39కి 39 ట్రంప్‌కే. రాత్రి ఫలితం చూసి 55ని దామాషాల పంచినోళ్ళ లెక్క మొత్తం తప్పింది.

కాకినాడ కిరణ్:
చివరి సందేహం. మధ్యలో తప్పుకున్నవాళ్ళ డెలిగేట్లు ఏమవుతాయి? "సస్పెండ్ చేస్తున్నాం" అంటారు గాని "విరమించుకున్నాం" అనరు, అది ఊరికే మాటేనా?

ఎడిసన్ వాసి:
మాట కాదు, లెక్కలో తేడా. డెమోక్రాట్ల దగ్గర నియోజకవర్గం డెలిగేట్లు ఎలాగూ ఉంటారు. ఎట్-లార్జ్, పీఎల్ఈఓ మాత్రం, వాళ్ళని ఎంపిక చేసే రోజుకి అభ్యర్థి బరిలో లేకపోతే, ఆ వాటా మిగతావాళ్ళకి పోతుంది. 2020 ఏప్రిల్ 8న సాండర్స్ ప్రచారం ఆపేశాడు. రూల్ ప్రకారం వెళ్తే అప్పటిదాకా వచ్చిన రాష్ట్రస్థాయి వాటా చాలావరకు బైడెన్‌కి జారిపోయేది. ఏప్రిల్ 30న ఇద్దరి మనుషులూ ఒప్పందం చేసుకుని అవి సాండర్స్ వైపే ఉంచారు. వేదిక మీద కుర్చీలు, తీర్మానాల కమిటీలో సభ్యులు ఆ సంఖ్యని బట్టే కదా.

రిపబ్లికన్లలో ఇది కూడా రాష్ట్రం రాష్ట్రానికీ మారుతుంది. కొన్ని చోట్ల తప్పుకున్నా మొదటి రౌండు దాకా కట్టుబడాలి, కొన్ని చోట్ల వెంటనే విడుదల. 2024 జూలైలో హేలీ తన 97 మందినీ విడిచిపెట్టి ట్రంప్‌కి వేయమంది.

అదే నెల 21న బైడెన్ తప్పుకున్నప్పుడు డెలిగేట్లు హారిస్‌కి "బదిలీ" అయ్యారని మన తెలుగు సైట్లు కూడా రాశాయి. బదిలీ అనేది రూల్స్‌లో లేదు. వాళ్ళు స్వేచ్ఛగా ఉన్నారు. హారిస్ పేరు బ్యాలెట్ మీదికి రావడానికి 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలి, ఒక్క రాష్ట్రం నుంచి 50కి మించి లెక్కలోకి రావు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్‌లో ఓటు వేశారు.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. షీటు కట్టుకున్నా: ఒక్కో బుట్టకి ఒక్కో ట్యాబు, కటాఫ్ గడి, పూర్ణాంకం, శేషం, చివర సరిచూసే గడి. సమోవా 3-3 వచ్చింది, న్యూ హాంప్‌షైర్ 9-9-6 వచ్చింది, అయోవా 20-9-8-3 వచ్చింది. 2024 వెర్మాంట్ రిపబ్లికన్ దగ్గర ఆగాను. 17 డెలిగేట్లు. హేలీ రాష్ట్రం గెలిచింది కదా, షీటు 9-8 చూపిస్తోంది. గెలిస్తే 17 రావద్దా?

ఫ్రిస్కో బాబాయ్:
షీటు కరెక్టే. వెర్మాంట్‌లో గంపగుత్తగా రావాలంటే 50 దాటాలి. హేలీ గెలిచింది గాని సగం దాటలేదు. 9-8. దానికి రెండు రోజుల ముందు వాషింగ్టన్ డీసీలో 60 దాటింది, అక్కడ 19కి 19. నీ షీటులో రిపబ్లికన్ ట్యాబుకి "సగం దాటితే" అని ఇంకో గడి పెట్టుకో, రాష్ట్రాన్ని బట్టి దాన్ని వేసుకో, తీసేసుకో.